నోబెల్ దక్కని చుక్కల మాస్టారు

కె.ఆర్.పురం: మన ప్రాంతంలో పీయూసీ సైన్సు చదివే పిల్లల నోట్సు తెరిస్తే, కెమిస్ట్రీ పాఠంలో అక్షరాల చుట్టూ జంటజంటలుగా చుక్కలు కనిపిస్తాయి. వాటిని లూయిస్ చుక్కల బొమ్మలంటారు. చిత్తూరు, కోలారు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగిళ్ల పిల్లలైనా, కన్నడ పిల్లలైనా పరీక్షలో అవే గీయాలి. ఆ లూయిస్ ఎవరని అడిగితే మాత్రం చెప్పేవారు తక్కువ. ఇప్పుడు సెల్‌ఫోన్లలో, కరెంటు స్కూటర్లలో అందరూ వాడుతున్న లిథియంలో రెండు రకాలున్నాయి. వాటిని పాదరసం సాయంతో వేరు చేయొచ్చని 1936లో చేసి చూపిందీ ఆయనే.

పూర్తి పేరు గిల్బర్ట్ న్యూటన్ లూయిస్. 1875 అక్టోబరు 23న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం వేమౌత్‌లో పుట్టారు. తొమ్మిదో ఏట కుటుంబం నెబ్రాస్కాకు మారింది. చిన్నప్పుడు బడికంటే ఇంటి చదువే ఎక్కువ. మూడేళ్లకే చదవడం వచ్చేసిందంటారు. హార్వర్డులో 1899లో డాక్టరేట్ అందుకున్నారు. ఆ రోజుల్లో గురువు రిచర్డ్స్‌తో కలిసి పనిచేసింది జింకు, కాడ్మియం కలిపిన పాదరసం మీద. ఈ పాదరసం కథలోకి మళ్లీ వస్తుంది.

పై చదువుకు జర్మనీ వెళ్లి ఓస్ట్‌వాల్డ్, నెర్న్‌స్ట్ అనే ఇద్దరు ఉద్దండుల దగ్గర పనిచేశారు. నెర్న్‌స్ట్‌తో మాత్రం పడలేదు. తిరిగొచ్చాక 1904లో ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలో తూనికలు, కొలతల సూపరింటెండెంటుగా చేరారు. మన దగ్గర ఆ ఉద్యోగం పేరు చెబితే సంతలో కాటాలు తనిఖీ చేసే ఆఫీసరు గుర్తొస్తారు. మనీలా నుంచి తెచ్చుకున్న చుట్టల అలవాటు ఆయన్ని జీవితాంతం వదల్లేదు. 1905 నుంచి ఎంఐటీలో, 1912 నుంచి బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో కొలువు. చివరిదాకా అక్కడే ఉన్నారు.

రెండు పరమాణువుల మధ్య ఎలక్ట్రాన్ల జంటే బంధమని 1916లో ఆయన రాసిన వ్యాసం నుంచే పిల్లలు గీసే చుక్కలు పుట్టాయి. 1923లో రాండల్‌తో కలిసి రాసిన థర్మోడైనమిక్స్ పుస్తకం కొన్ని తరాలకు పాఠ్యగ్రంథమైంది.

భారజలంతో మొదలు

లూయిస్ దగ్గర డాక్టరేట్ చేసిన హెరాల్డ్ యూరీ 1931లో బరువైన హైడ్రోజన్‌ను కనిపెట్టారు. మామూలు నీళ్లలో అతి కొద్దిగా ఉండే ఆ బరువు నీటిని దాదాపు శుద్ధంగా వేరు చేసింది మాత్రం లూయిస్, ఆయన సహాయకుడు మెక్‌డొనాల్డ్. అది 1933. ఆ నీళ్లలో పొగాకు విత్తనాలు వేసి చూస్తే మొలకెత్తలేదు. 1934లో నోబెల్ వచ్చింది, శిష్యుడికి! గురువు పేరు లేదు. అదే ఏడాది లూయిస్ అమెరికా జాతీయ సైన్సు అకాడమీకి రాజీనామా చేశారు. కారణం చెప్పలేదు.

తెలుగు నేలపై కూడా ఆ నీటిని తీసే కర్మాగారం ఉంది. ఖమ్మం జిల్లా (ఇప్పటి భద్రాద్రి కొత్తగూడెం) మణుగూరు దగ్గర 1991లో మొదలైంది. అక్కడ వాడేది లూయిస్ వాడిన విద్యుత్ పద్ధతి కాదు, రసాయన మార్పిడి పద్ధతి. హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుకూ నీటికీ మధ్య బరువైన హైడ్రోజన్ చేతులు మారేలా చేస్తారు.

లిథియంతో లూయిస్ చేసింది కూడా ఇలాంటి మార్పిడే. లిథియంలో ఆరు బరువున్నది నూటికి సుమారు 7.5 పాళ్లు, మిగతాదంతా ఏడు బరువుది. మండ్య జిల్లా మార్లగల్ల దగ్గర అణు ఖనిజాల విభాగం కనుగొన్న ఖనిజంలోనూ ఈ రెండూ కలిసే ఉంటాయి. రసాయన గుణాల్లో దాదాపు కవలలే. కాకపోతే తేలికదానికి పాదరసమంటే రవ్వంత ఇష్టం ఎక్కువ. ఆ రవ్వంత తేడానే పట్టుకున్నారు లూయిస్. పొడవాటి గొట్టంలో పైనుంచి లిథియం కలిపిన పాదరసాన్ని చినుకుల్లా వదిలారు. ఎదురుగా లిథియం ఉప్పు కరిగిన ద్రవాన్ని పైకి పంపారు. చినుకు ద్రవాన్ని తాకిన ప్రతిసారీ కొంత తేలిక లిథియం పాదరసంలోకి, కొంత బరువుది ద్రవంలోకి మారుతుంది. ఒక్కసారి తాకితే తేడా తెలియదు. చేటలో బియ్యం చెరిగినట్లు మళ్లీమళ్లీ జరగాలి. చివరికి తేలిక రకం వాటా ఇంచుమించు రెట్టింపైంది. డాక్టరేట్ నాటి పాదరసం ముప్పై ఏడేళ్లకు ఇలా అక్కరకొచ్చింది.

అది ప్రయోగశాల సంగతి. తర్వాత జరిగింది వేరు. ఆరు బరువు లిథియాన్ని బరువైన హైడ్రోజన్‌తో కలిపితే హైడ్రోజన్ బాంబుకు ఇంధనం. లూయిస్ గాజు గొట్టాల్లో వేరుచేసిన రెండూ అందులో కలిశాయన్నమాట. 1954లో బికినీ దీవిలో అమెరికా పేల్చిన బాంబులో ఈ ఇంధనమే వాడారు. దానికోసం టెనెసీ రాష్ట్రంలోని ఓక్‌రిడ్జ్‌లో 1955 నుంచి 1963 వరకు పాదరసం పద్ధతినే భారీగా నడిపారు. వాడిన పాదరసం సుమారు 11 వేల టన్నులు. అందులో దాదాపు 900 టన్నులు పోవడమో, లెక్క తేలకపోవడమో జరిగింది. కొంత ఊరి మధ్యనుంచి పారే వాగులో కలిసింది. ఆ వాగు పక్కన కాపురముండే జనానికి ఈ లెక్కలు తెలిసింది 1983లో! రహస్యం పేరుతో ఇరవై ఏళ్లు దాచడం ఏ విధంగా చూసినా సమర్థించలేం.

ఏడు బరువు లిథియంకు మాత్రం శాంతియుత ఉపయోగముంది. పీడన నీటి అణు రియాక్టర్లలో లోహం తుప్పు పట్టకుండా నీటి గుణాన్ని సరిచేయడానికి వాడతారు.

ఇక నోబెల్ మాట. లూయిస్ పేరు 41 సార్లు ప్రతిపాదనకు వెళ్లింది, ఒక్కసారీ రాలేదు. నెర్న్‌స్ట్ మిత్రుడొకరు కమిటీలో ఉండి అడ్డుపడ్డారన్నది చరిత్రకారుల మాట. ఆయన దగ్గర తయారైనవారిలో యూరీ, జియోక్, సీబోర్గ్, లిబ్బీ నోబెల్ అందుకున్నారు.

1946 మార్చి 23 మధ్యాహ్నం భోజనం చేసి ల్యాబుకు వెళ్లారు లూయిస్. ఆరోజు ద్రవ హైడ్రోజన్ సయనైడ్‌తో ప్రయోగం. కాసేపటికి బల్ల దగ్గర పడిపోయి ఉండగా శిష్యుడొకరు చూశారు. గదిలో సయనైడ్ వాసన వచ్చిందంటారు, డాక్టర్లు గుండె జబ్బని తేల్చారు. అప్పటికాయనకు 70 ఏళ్లు. బర్క్‌లీలో 1948లో కట్టిన రసాయన శాస్త్ర భవనానికి లూయిస్ హాల్ అని పేరు పెట్టారు.