ఆ టక్ టక్ చప్పుడుకు ఓ పేరుంది

గర్భిణిగా మీరు ఆస్పత్రికి వచ్చిన ప్రతిసారీ చేతికి పట్టీ చుట్టి, మోచేతి మడతలో స్టెతస్కోపు పెట్టి ఏదో వింటారు కదా! ఆ చప్పుళ్లను కొరట్కాఫ్ శబ్దాలు అంటాం. అది ఒక డాక్టరు పేరు.

నికొలాయ్ కొరట్కాఫ్ 1874లో రష్యాలోని కుర్స్క్‌లో వ్యాపారుల ఇంట పుట్టారు. 1898లో మాస్కోలో వైద్యవిద్య ముగించారు. రష్యా-జపాన్ యుద్ధంలో గాయపడిన సైనికులకు శస్త్రచికిత్సలు చేశారు. ఏ రక్తనాళాన్ని కట్టేస్తే కాలో చెయ్యో దక్కుతుందో తేల్చుకోవడానికి దాని మీద స్టెతస్కోపు పెట్టి వినేవారు. అప్పటికే ఇటలీలో రివా రోచ్చి 1896లో గాలిపట్టీ తయారుచేశారు. నాడి పట్టుకుని చూస్తే దాంతో పై అంకె ఒక్కటే తెలిసేది. కొరట్కాఫ్ గాలి వదులుతూ పట్టీ కింద విన్నారు. చప్పుడు మొదలైనప్పుడు పై అంకె, ఆగిపోయినప్పుడు కింది అంకె. 1905లో ఆయన సమర్పించిన నివేదిక ఒక పేజీకి మించదు. మా పీజీ థీసిస్‌ల బరువు తలచుకుంటే నవ్వొస్తుంది. తర్వాత సైబీరియాలో బంగారు గని కార్మికులకు వైద్యం చేశారు. 1920లో, 46 ఏళ్లకే కన్నుమూశారు.

ఆస్పిరిన్ ఆయన కాలంలోనే, 1899లో బజారుకొచ్చింది, నొప్పుల మాత్రగా. గర్భిణులకు దాని చిన్న మోతాదు పనికొస్తుందని తెలియడానికి మరో 80 ఏళ్లు పట్టింది.

చర్ల, దుమ్ముగూడెం గూడేల్లో ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. వాగులు పొంగితే భద్రాచలం చేరడం కష్టం. ఐదో నెల నుంచి బీపీ 140/90కి చేరి, మూత్రంలో ప్రొటీన్ పోతుంటే ముదిరి ఫిట్స్ రావచ్చు. మీరు గుర్రపువాతం అనేది దాన్నే.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. చిన్న మోతాదు ఆస్పిరిన్ బీపీని తగ్గించదు. పెరిగిన బీపీకి మాత్రలు వేరు. ముప్పు ఉన్నవాళ్లలో జబ్బు వచ్చే అవకాశాన్ని ఇది తగ్గిస్తుంది, అంతే. కిందటి కాన్పులో బీపీ పెరిగినవాళ్లు, కవలలు ఉన్నవాళ్లు, ముందునుంచే బీపీ, షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడగాలి. రోజుకు 75 నుంచి 150 మిల్లీగ్రాములు ఇస్తాం. మాయ కుదురుకునే రోజుల్లో, అంటే 12 వారాలు నిండాక, 16 వారాల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. అల్సర్, రక్తస్రావం, ఆస్పిరిన్ పడని ఉబ్బసం ఉంటే ఇవ్వం. దుకాణంలో సొంతంగా కొనకండి.

విడవని తలనొప్పి, చూపు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పి ఉంటే ఆ రోజే రండి. మూడో నెలలో వచ్చేటప్పుడు పాత కాన్పు కార్డు ఉంటే వెంట తెచ్చుకోండి.