జైలులో కౌన్సిల్ సమావేశం నడిపిన మనిషి: జార్జ్ లాన్స్‌బరీ

మన సంచికల్లో సాధారణంగా మన నేల మీద పోరాడిన పెద్దలను తలచుకుంటాం. ఈసారి దూరదేశపు మనిషి ఒకరిని మీకు పరిచయం చేయాలనుకున్నాం. కారణం ఒక్కటే. వార్డు మెంబరు, ఎంపీటీసీ వంటి పదవులంటే మన పిల్లల్లో చాలామందికి చిన్నచూపు ఉంది. ఎమ్మెల్యే అయితే తప్ప ఏమీ చేయలేమనుకుంటారు. లండన్‌లో ఒక పేదపేట కౌన్సిలర్ ఏం చేశారో తెలిస్తే ఆ మాట మళ్లీ అనరు.

జార్జ్ లాన్స్‌బరీ 1859లో ఇంగ్లండులోని సఫోక్ కౌంటీలో పుట్టారు. తండ్రి రైలు మార్గాలు వేసే పనుల్లో ఉండేవారు. పని ఎక్కడుంటే కుటుంబం అక్కడికి కదిలేది. చివరికి తూర్పు లండన్ చేరారు. ఓడరేవు కూలీలు, ఇరుకు ఇళ్లు, ఆకలి ఉన్న ప్రాంతమది. లాన్స్‌బరీ చిన్న వయసులోనే పనిలో చేరారు. 1884లో, ఆస్ట్రేలియాలో బతుకు బాగుంటుందన్న ప్రచారం నమ్మి భార్య బెస్సీతో, పసిపిల్లలతో ఓడెక్కారు. అక్కడ సరైన పని దొరకలేదు. మరుసటి ఏడాదే తిరిగి వచ్చేశారు. వలస పోయి దెబ్బతిన్న మన కుటుంబాలకు ఆ బాధ ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఆయన మాత్రం ఊరుకోలేదు. ఆ ప్రచారం ఎంత అబద్ధమో సభలు పెట్టి చెప్పారు. ప్రజా జీవితంలో ఆయన తొలి అడుగుల్లో అదొకటి.

1890లలో పోప్లర్ ప్రాంతపు పేదల సంరక్షణ బోర్డుకు ఎన్నికయ్యారు. దిక్కులేనివాళ్లను ఉంచే వర్క్‌హౌస్‌లు ఆ బోర్డు కిందే ఉండేవి. అక్కడ మనుషులను దాదాపు ఖైదీల్లా చూసేవారు. లాన్స్‌బరీ, ఆయన తోటివారు కలిసి తిండి బాగుచేయించారు, అవమానకరమైన యూనిఫాం తీసేయించారు. తర్వాత ఆయన పోప్లర్ బారో కౌన్సిల్ సభ్యుడయ్యారు. 1910 నుంచి 1913 వరకు లండన్ కౌంటీ కౌన్సిల్‌లోనూ పనిచేశారు. బారో అంటే మన మునిసిపాలిటీ వంటిది, కౌంటీ కౌన్సిల్ అంటే మన జిల్లా పరిషత్తు వంటిది అనుకోండి.

1919 ఎన్నికల్లో పోప్లర్‌లోని 42 స్థానాల్లో 39 లేబర్ పార్టీ గెలిచింది. లాన్స్‌బరీ మేయరయ్యారు. గెలిచినవారిలో ఓడరేవు కూలీలు, రైల్వే కార్మికులు ఉన్నారు. కౌన్సిల్ పనివాళ్లకు ఆడ మగ తేడా లేకుండా వారానికి 4 పౌండ్ల కనీస వేతనం నిర్ణయించారు.

అసలు చిక్కు పన్నుల దగ్గర వచ్చింది. ఏ బారోలోని నిరుద్యోగులకు ఆ బారోనే సాయం చేయాలి. పోప్లర్‌లో పని లేనివాళ్లు ఎక్కువ, పన్ను కట్టగలిగేవాళ్లు తక్కువ. ధనికుల బారోల్లో అదే పన్ను రేటుకు ఎన్నో రెట్లు డబ్బు వచ్చేది, సాయం అడిగేవాళ్లు మాత్రం కొద్దిమందే. అంటే పేదల భారం పేదలే మోయాలి. దానికి తోడు కౌంటీ కౌన్సిల్‌కు, పోలీసు విభాగానికి, ఇతర లండన్ సంస్థలకు కూడా పోప్లర్ వాటా వసూలు చేసి ఇవ్వాలి. 1921 మార్చిలో పోప్లర్ కౌన్సిల్ ఒక తీర్మానం చేసింది. మా బారో ఖర్చులకు పన్ను వేస్తాం, పైసంస్థల వాటా మాత్రం వసూలు చేయం అన్నది దాని సారం. భారం లండన్ అంతటా సమానంగా పంచాలన్నదే వారి కోరిక.

కౌంటీ కౌన్సిల్ కోర్టుకు వెళ్లింది. జూలై 29న కౌన్సిలర్లు వేలమంది జనంతో ఊరేగింపుగా హైకోర్టుకు నడిచారు. కోర్టు చెప్పినా తీర్మానం మార్చలేదు. సెప్టెంబరులో 30 మందిని అరెస్టు చేశారు. 25 మంది మగవాళ్లు బ్రిక్స్‌టన్ జైలుకు, ఐదుగురు ఆడవాళ్లు హాలోవే జైలుకు వెళ్లారు. ఆ ఐదుగురిలో ఒకామె నిండు గర్భిణి. అయినా కౌన్సిల్ పని ఆగలేదు. ఆడవాళ్లను బ్రిక్స్‌టన్‌కు తీసుకొచ్చి, జైల్లోనే సమావేశాలు జరిపారు. పక్క బారోలు స్టెప్నీ, బెత్నల్ గ్రీన్ కూడా అదే దారి పట్టడంతో ప్రభుత్వం దిగివచ్చింది. అక్టోబరు 12న జైల్లో ఉన్న కౌన్సిలర్లను విడుదల చేశారు. ఆ ఏడాదే వచ్చిన చట్టంతో నిరుద్యోగుల సాయం ఖర్చులో పెద్ద భాగం లండన్ బారోలన్నీ పంచుకోవాల్సి వచ్చింది.

ఆ గెలుపు తేలిగ్గా రాలేదు. జైలుకెళ్లిన కోడలు మిన్నీ, 1922 జనవరి 1న న్యుమోనియాతో చనిపోయారు. ఆమె వయసు 32 ఏళ్లే. సొంత పార్టీ పెద్దల్లోనే కొందరు ఈ పద్ధతిని తప్పుపట్టారు.

తర్వాత లాన్స్‌బరీ మంత్రి అయ్యారు, 1932 నుంచి 1935 వరకు లేబర్ పార్టీకి నాయకుడయ్యారు. భారత స్వాతంత్ర్యాన్ని సమర్థించారు. 1931లో గాంధీజీ రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్లి బస చేసింది కూడా ఆ తూర్పు లండన్ పేటలోనే. ఎంత ఎదిగినా లాన్స్‌బరీ ఆ పేట వదిలిపెట్టలేదు. 1940లో కన్నుమూశారు. ఆ తర్వాత పోప్లర్‌లో కొత్త ఇళ్ల కాలనీ ఒకటి వెలిసింది. దానికి లాన్స్‌బరీ పేరే పెట్టారు. కట్టించింది ఎవరో తెలుసా? ఒకప్పుడు ఆయనను కోర్టుకీడ్చిన లండన్ కౌంటీ కౌన్సిలే!

మిత్రులారా, పన్ను కట్టవద్దనో, కోర్టును కాదనమనో చెప్పడానికి ఈ కథ రాయలేదు. ఆయన బలమంతా లెక్క తెలియడంలో ఉంది. ఎవరి డబ్బు ఎక్కడికి పోతోందో తెలిసి, దాన్ని మామూలు మనుషులకు అర్థమయ్యేలా చెప్పగలిగారు కాబట్టే జనం వెంట నడిచారు. మనకు 1996 నాటి పెసా చట్టం ఉంది, గ్రామసభ ఉంది. 21 ఏళ్లు నిండితే పంచాయతీకి పోటీ చేసే హక్కుంది. పోటీ సంగతి తర్వాత. ముందు వచ్చే గ్రామసభకు వెళ్లి, మన ఊరికి ఎంత డబ్బు వచ్చిందో, దేనికి ఖర్చయిందో అడగండి. లాన్స్‌బరీ కూడా అలాంటి లెక్కల దగ్గరే మొదలుపెట్టారు.