జగదీశచంద్ర బోసు

ఖమ్మము మైదానము ముగిసి భద్రాచలపుటడవి మొదలగు ఈ పొలిమేరలో నివసించు మనకు చెట్టు క్రొత్త కాదు. టేకు నీడలో మొలచిన లేతమొక్క వెలుగు పడు సందువైపు వంగుటయు, గట్టుమీది అత్తిపత్తి వ్రేలు తగిలినంతనే ఆకులు ముడుచుటయు నిత్యము చూచుచునే యున్నాము. కాని చూచుట వేరు, కొలుచుట వేరు. మొక్కల చేష్టలను కొలిచి లోకమునకు చూపిన మహనీయుని చరిత్రమును ఈ రజతోత్సవ సంచికాముఖమున పాఠకులకు విన్నవించుచున్నాను.

జగదీశచంద్ర బోసు 1858 నవంబరు 30వ తేదీన వంగదేశమున జన్మించెను. తండ్రి భగవాన్ చంద్రుడు ప్రభుత్వోద్యోగి యయ్యును, కుమారుని మొదట మాతృభాషా పాఠశాలలోనే చేర్చెను. అచట చేపలు పట్టువాని కుమారుడు ఆయనకు సహాధ్యాయి. కలకత్తాలో చదివి, ఇంగ్లండున కేంబ్రిడ్జిలో శాస్త్రము నభ్యసించి, 1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో ఆచార్యుడయ్యెను.

ఆనాడు ఆంగ్లేయున కిచ్చు జీతములో భారతీయునకు మూడింట రెండు వంతులే. బోసుగారిది తాత్కాలికోద్యోగ మగుటచే అందులోను సగమే. ఆయన మూడేండ్లు జీతము ముట్టలేదు, పాఠము మానలేదు. తుదకు ప్రభుత్వము పూర్తి జీతమును మొదటినుండి లెక్కకట్టి చెల్లించెను. జమాఖర్చులు వ్రాసి జీవించు నాకు ఇంతకంటె నికరమైన పద్దు వేరొకటి కానరాదు.

తొలుత విద్యుత్తరంగములపై ప్రయోగములు చేసి ఖ్యాతి గాంచెను. పిదప ఆయన దృష్టి మొక్కలపై ప్రసరించెను. కంటి కందని పెరుగుదలను పదివేల రెట్లు పెద్దదిగా చూపు క్రెస్కోగ్రాఫు అను యంత్రమును నిర్మించి, వెలుగు, చలి, విషము మున్నగువానివలన మొక్క పెరుగుదల ఎట్లు హెచ్చుతగ్గులగునో చూపెను. మొక్కలకును జంతువులవలె నరములున్నవని ఆయన తలంచెను. పండితులు పెక్కురు దీనిని త్రోసిపుచ్చిరి.

సత్యమేమన, ఇందు రెండు పద్దులు గలవు. మొదటిది నిదానముగ వంగుట. మొలక కొనను కప్పినచో అది వెలుగువైపు వంగదని 1880లో ఛార్లెస్ డార్విను తెలిపెను. ఆ కొననుండి దిగు పదార్థమును 1926లో హాలండు దేశీయుడగు వెంటు వేరుపరచెను. అదియే ఆక్సిను అను వృద్ధిరసము. వెలుగు ఒక ప్రక్కనుండి సోకగా అది నీడవైపునకు చేరును. ఆ వైపు కణములు ఎక్కువ సాగును. కావున మొక్క వెలుగువైపునకు వంగును. నీరు చాలనపుడు ఆకుల సూక్ష్మరంధ్రములను మూయించు రసము మరొకటి కలదు. రెండవ పద్దు అత్తిపత్తి ముడుచుకొనుట. ఇది విద్యుత్ప్రేరణ వ్యాపింపగా, ఆకుమొదటి కణములనుండి నీరు వెలికి పోవుటవలన జరుగును. మొక్కలకు నరములు లేవు. కాని వానిలో విద్యుత్సంకేతములు ప్రసరించునను బోసుగారి మాట నేడు స్థిరపడినది. కొంత తప్పినను ఆయన శ్రమ వ్యర్థము కాలేదు.

1917లో తన పుట్టినదినముననే, తాను కూడబెట్టిన ధనముతోను, దాతల విరాళములతోను కలకత్తాలో బోసు విజ్ఞానమందిరమును స్థాపించెను. 1920లో లండను రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొనెను. 1937 నవంబరు 23వ తేదీన గిరిడిలో కీర్తిశేషుడయ్యెను.

మన యువకులు ఈ గ్రంథాలయమున చదివిన దానిని పొలము గట్టున పరీక్షించి చూతురుగాక! ఒక మొలకను కిటికీ చెంత నుంచి నాలుగు దినములు గమనించినను చాలును. అదియే ఆ మహనీయునకు మన మర్పింపదగిన నివాళి.