ఇంజనీరు లలిత

1794లో మదరాసున సర్వే పాఠశాలగా పుట్టి, కాలక్రమమున మదరాసు విశ్వవిద్యాలయమునకు చెందిన ఇంజనీరింగు కళాశాలయై, గిండీయందు స్థిరపడిన విద్యాలయమొకటి కలదు. దాదాపు నూట యేబది సంవత్సరములు అందు చదివినవారందరును పురుషులే. ఆ గడపను మొదట దాటిన స్త్రీ అయ్యలసోమయాజుల లలిత. ఆమె మన తెలుగింటి ఆడపడుచు.

లలిత 1919 ఆగస్టు 27వ తేదీన మదరాసులో జన్మించెను. తండ్రి పప్పు సుబ్బారావు ఆ కళాశాలయందే విద్యుచ్ఛక్తి శాస్త్రమును బోధించు ఆచార్యుడు. ఆయన కుమారులు ఇంజనీర్లైరి. కుమార్తెలకు మాత్రము కొంత చదువు చెప్పించి పెండ్లి చేయుట ఆనాటి ఆచారము. లలితకు పదునైదవ యేటనే వివాహమయ్యెను. 1937లో ఆడుబిడ్డ పుట్టెను. ఆ బిడ్డకు నాలుగు నెలల ప్రాయమున భర్త మరణించెను.

పదునెనిమిదేండ్ల వితంతువు వంటయింటి చీకటిలో కాలము గడపవలసిన దినములవి. లలిత అట్లు గడపలేదు. తండ్రి ప్రోత్సాహమున క్వీన్ మేరీ కళాశాలలో చేరి, ఇంటర్మీడియెట్ పరీక్షలో ప్రథమశ్రేణి నందెను. వైద్యవిద్య చదువవచ్చును. కాని నడిరేయి రోగి పిలిచినచో పసిబిడ్డను విడిచి పోవలెను గదా! కావున ఇంజనీరింగునే కోరెను. సుబ్బారావు ప్రిన్సిపాలు చాకోగారితోను, విద్యాశాఖాధిపతి స్టాథమ్ దొరతోను మాటలాడి ఒప్పించెను. 1940లో ప్రవేశము లభించెను.

వందలకొలది యువకుల నడుమ ఆమె యొక్కతెయే స్త్రీ. వసతిగృహమున ఆమెకు వేరొక గది నిచ్చిరి. బిడ్డ బంధువుల యింట పెరుగుచుండెను. తల్లి వారమున కొకసారి పోయి చూచి వచ్చుచుండెను. చదువుకంటె ఆ ఒంటరితనమే కష్టమైనదేమో! సుబ్బారావు అది గ్రహించి, స్త్రీలకును ప్రవేశము కలదని ప్రకటింపజేసెను. అంతట లీలమ్మ జార్జి, పి. కె. త్రేసియా అను ఇరువురు వచ్చి సివిల్ శాఖలో చేరిరి.

1943లో లలిత పట్టభద్రురాలయ్యెను. పట్టాపత్రమున అచ్చయియున్న పురుషవాచకమును కలముతో కొట్టివేసి, స్త్రీవాచకమును వ్రాయవలసి వచ్చెను!

జమాల్‌పూరు రైల్వే కర్మాగారమున శిక్షణ పొంది, కొంతకాలము సిమ్లాలో పనిచేసి, 1948లో కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ అను సంస్థలో చేరెను. సిమ్లాలోను కలకత్తాలోను సోదరుల కుటుంబములుండుటచే, ఆమె పనికి పోయినపుడు బిడ్డకు లోటు లేకుండెను. పుట్టినచోటినుండి దూరనగరములకు విద్యుచ్ఛక్తిని గొనిపోవు తీగల మార్గములను రూపొందించుట ఆమె పని. భాక్రా నంగల్ పథకమునకును ఆమె పనిచేసెను. 1964లో న్యూయార్కున జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల ప్రథమ అంతర్జాతీయ సభకు మన దేశమునుండి వెళ్లెను.

1979 అక్టోబరు 12న, అరువదియవ యేట, లలిత మరణించెను.