కలరా గుట్టు విప్పిన తంతి పితామహుడు

భారతదేశంలో తంతి వ్యవస్థకు ఆద్యుడిగా పేరొందిన సర్ విలియం బ్రూక్ ఓషానెస్సీ వృత్తిరీత్యా వైద్యుడు. కలరా రోగి ఒంట్లోని నీరు, లవణాలు హరించుకుపోతాయని రసాయన పరీక్షలతో నిరూపించిన తొలి వైద్యులలో ఆయన ఒకరు.

ఐర్లండులోని లిమెరిక్‌లో జన్మించిన ఓషానెస్సీ 1829లో ఎడింబరో విశ్వవిద్యాలయం నుంచి వైద్య పట్టా పుచ్చుకున్నారు. 1831లో ఇంగ్లండులోని సండర్లాండ్ రేవులో కలరా ప్రబలగా, అక్కడికి వెళ్లి రోగుల రక్తాన్ని పరీక్షించారు. నీరు, ఉప్పు, సోడా విరేచనాలలో పోయి రక్తం చిక్కబడిందని కనుగొన్నారు. రోగి నుంచి నెత్తురు తీయడమే చికిత్సగా చెలామణి అవుతున్న రోజులవి. పోయినవాటిని తిరిగి రక్తంలోకి ఎక్కించాలని ఆ యువ వైద్యుడు సూచించారు.

1832లో స్కాట్లండులోని లీత్‌లో డాక్టర్ థామస్ లట్టా ఆ సూచనను ఆచరణలో పెట్టారు. కొన ఊపిరితో ఉన్న ఒక వృద్ధురాలికి మూడు లీటర్లకు పైగా ఉప్పు, సోడా కలిపిన నీరు నరంలోకి ఎక్కించగా ఆమె తేరుకుంది. ఆమెను ఆస్పత్రి వైద్యుడికి అప్పగించి లట్టా వెళ్లిపోయారు. వాంతులు, విరేచనాలు మళ్లీ మొదలయ్యాయి. నీరు మళ్లీ ఎక్కించలేదు. కొద్ది గంటల్లోనే ఆమె మరణించింది. మరుసటి ఏడాది లట్టా కూడా కన్నుమూశారు. ఎంత నీరు, ఎన్నిసార్లు ఎక్కించాలో వైద్యులకు నేర్పేవారు లేక ఆ చికిత్స మూలబడింది.

1833లో ఓషానెస్సీ ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా కలకత్తా చేరారు. 1835లో స్థాపించిన కలకత్తా మెడికల్ కాలేజీలో రసాయన శాస్త్రాచార్యుడై భారతీయ విద్యార్థులకు పాఠాలు చెప్పారు. క్రమంగా ఆయన దృష్టి తంతి వైపు మళ్లింది. ఈ రంగంలో మాత్రం మనుషుల తర్ఫీదును ఆయన మరువలేదు. టంకశాలలో తన కింద పనిచేసిన శివచంద్ర నందికి పని నేర్పి, కలకత్తా-డైమండ్ హార్బర్ లైను బాధ్యత అప్పగించారు. 1856 నాటికి మద్రాసు, బొంబాయి, పెషావర్‌లను కలుపుతూ సుమారు 4,000 మైళ్ల తీగ వెలిసింది. అదే ఏడాది ఆయనకు సర్ బిరుదు లభించింది. 1889లో ఇంగ్లండులో మరణించారు.

మూలబడిన చికిత్సకు 20వ శతాబ్ది ఆరంభంలో కలకత్తాలోనే సర్ లియొనార్డ్ రోజర్స్ ప్రాణం పోశారు. 1971లో బొన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా విజృంభించినప్పుడు సెలైన్ చాలలేదు. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీటిని నోటి ద్వారానే ఇప్పించారు. దాన్ని పట్టే పద్ధతి రోగుల బంధువులకు సైతం నేర్పారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి.

ఓషానెస్సీ నెలకొల్పిన తంతి సేవ 2013లో ముగిసింది. ఆయన 1831లో కనుగొన్న సత్యం మాత్రం ఈనాటికీ ఆస్పత్రులలో ప్రాణాలు నిలుపుతోంది.