ఛార్లెస్ రిషే

ఛార్లెస్ రాబర్ట్ రిషే (ఆగష్టు 25, 1850 - డిసెంబరు 4, 1935) ఫ్రాన్సు దేశానికి చెందిన సుప్రసిద్ధ శరీరధర్మ శాస్త్రవేత్త. పరాయి మాంసకృత్తులు రెండవసారి శరీరంలో ప్రవేశించినప్పుడు ప్రాణం మీదికి తెచ్చే అనాఫిలాక్సిస్ అనే స్థితిని వివరించినందుకు 1913లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందాడు. పాలు, గుడ్లు వంటి సాధారణ ఆహారం కొందరికి ఎందుకు పడదు అన్న ప్రశ్నకు సమాధానం వెదికిన తొలితరం శాస్త్రజ్ఞులలో ఈయన ఒకడు.

తొలి జీవితం

రిషే పారిస్ నగరంలో జన్మించాడు. తండ్రి ఆల్ఫ్రెడ్ రిషే అక్కడి వైద్య కళాశాలలో శస్త్రచికిత్స ఆచార్యుడు. రిషే కూడా వైద్యమే చదివాడు గాని మనసు ప్రయోగశాల వైపు మళ్ళింది. జఠరరసంలోని ఆమ్లంపై పరిశోధన చేశాడు. 1887లో పారిస్‌లోనే శరీరధర్మ శాస్త్ర ఆచార్యుడయ్యాడు. కుక్క నాలుక బయటపెట్టి వగర్చడం ద్వారా ఒంటి వేడిని తగ్గించుకొంటుందని ప్రయోగపూర్వకంగా చూపించాడు.

కుందేళ్ళపై ప్రయోగాలు

1888లో జూల్ ఎరికూర్‌తో కలిసి రిషే ఒక స్టాఫిలోకాకస్ సూక్ష్మజీవిని పరిశీలించాడు. అది కుక్కకు సోకితే గడ్డ మాత్రమే లేచేది, కుందేలుకు సోకితే ప్రాణం పోయేది. కుక్క రక్తాన్ని కుందేళ్ళ ఉదరంలోకి ఎక్కించి చూడగా అవి రోగాన్ని కొంత తట్టుకొన్నాయి. అదివరకే ఆ రోగం వచ్చి కోలుకొన్న కుక్క రక్తమైతే రక్షణ ఇంకా ఎక్కువగా లభించింది. ఒక జీవి సంపాదించిన రోగనిరోధక శక్తిని రక్తం ద్వారా వేరొక జీవికి అందించవచ్చునని దీనితో తేలింది. ఈ పద్ధతిని రిషే క్షయరోగంపై ప్రయోగించాడు, ఫలించలేదు. కంఠసర్పి రోగాన్ని ఎన్నుకొన్న జర్మనీ శాస్త్రవేత్త బేరింగ్ విజయం సాధించి 1901లో మొట్టమొదటి వైద్య నోబెల్ అందుకొన్నాడు. రిషే ఎన్నుకొన్న రోగమే ఆయనకు కలిసిరాలేదని చెప్పాలి.

అనాఫిలాక్సిస్

1901లో మొనాకో రాజు మొదటి ఆల్బర్ట్ నౌకలో రిషే, పాల్ పోర్టియర్ సముద్రయానం చేశారు. ఫైసాలియా అనే సముద్రజీవి విషాన్ని అక్కడ పరిశీలించి, పారిస్ చేరిన తరువాత సీ అనిమోన్ అనే మరొక సముద్రజీవి విషంతో పని కొనసాగించారు. కొద్ది కొద్దిగా ఇస్తూపోతే కుక్కలు విషానికి అలవాటు పడతాయన్నది వారి అంచనా. జరిగింది దానికి విరుద్ధం. మొదటి మోతాదులను సునాయాసంగా భరించిన నెప్ట్యూన్ అనే బలిష్ఠమైన కుక్క, మూడు వారాలకు పైగా గడిచిన తరువాత మళ్ళీ కొద్దిపాటి మోతాదు ఇవ్వగానే ఊపిరాడక, వాంతులు చేసుకొని, అరగంటలోపే మరణించింది. ఈ విషయాన్ని 1902 ఫిబ్రవరిలో ప్రకటించారు. రక్షణకు విరుద్ధమైనది అన్న అర్థంలో గ్రీకు మూలాల నుండి రిషే దీనికి పేరు కూర్చాడు.

ఇది విషం చేసిన పనే కదా అన్న సందేహం సహజం. దానిని 1903లో మోరిస్ ఆర్థస్ తీర్చాడు. కుందేలుకు ఏమాత్రం విషం కాని గుర్రపు సీరంను కొన్ని రోజులకొకసారి చర్మం కింద ఇస్తూ రాగా, మొదట్లో ఇట్టే ఇంకిపోయిన సీరం, తరువాత ఇచ్చినప్పుడు వాపును, చివరకు కణజాలం కుళ్ళడాన్ని కలిగించింది. కారణం విషం కాదనీ, పరాయి మాంసకృత్తును శరీరం గుర్తుపెట్టుకోవడమేననీ స్పష్టమైంది.

ఆహారం, మాంసకృత్తులు

సూదితో ఇచ్చినది వికటించవచ్చు, మరి తిన్నది? సాధారణంగా జీర్ణరసాలు మాంసకృత్తులను ముక్కలుగా విడగొడతాయి. అయితే స్వల్పభాగం విడిపోకుండానే రక్తంలోకి చేరగలదు. 1906లో అమెరికాలో రోసెనో, ఆండర్సన్ గినీపందులకు గుర్రపు మాంసం మేపి, వాటిని గుర్రపు సీరం పడకుండా చేయగలిగారు. రిషే 1911లో హురా చెట్టు పాల నుండి తీసిన క్రెపిటిన్‌ను కుక్కలకు తినిపించి, తినడం వలన కూడా అనాఫిలాక్సిస్ కలుగుతుందని ప్రకటించాడు. అదే సంవత్సరం గిడియన్ వెల్స్ ప్రయోగాలలో మరొక పార్శ్వం బయటపడింది. ముందుగా గుడ్డు మాంసకృత్తు మేసిన గినీపందులను దానిపై వికటించేలా చేయడం సాధ్యపడలేదు. తిన్నదానిని సహించడమే పేగు సహజగుణమనీ, వికటించడం అందులో కలిగే లోపమనీ నేటి అవగాహన. పాలు మాన్పించిన పందిపిల్లలకు సోయా మేతతో వచ్చే విరేచనాలకు ఇటువంటి ప్రతిస్పందన కూడా ఒక కారణమని తరువాతి పశువైద్యులు గుర్తించారు.

నోబెల్ బహుమతి రిషే ఒక్కనికే లభించింది. పోర్టియర్‌కు అందులో భాగం దక్కలేదు.

ఇతర విషయాలు

రిషే నవలలు, నాటకాలు వ్రాశాడు. బ్రెగే సోదరుల 1907 నాటి గైరోప్లేన్ నిర్మాణంలో పాలుపంచుకొన్నాడు. యుద్ధాలను వ్యతిరేకించి శాంతిసంఘాలలో పనిచేశాడు. మరణానంతర శక్తులను, మీడియంలను నమ్మి పలుమార్లు మోసపోయాడు కూడా. వీటన్నిటికంటె తీవ్రమైనది ఆయన జాతి దృష్టి. 1919లో ప్రచురించిన మానవ ఎంపిక గ్రంథంలో నల్లజాతివారిని హీనులుగా చిత్రించి, వికలాంగ శిశువులను తొలగించాలని వాదించాడు. ఫ్రెంచి యూజెనిక్స్ సంఘానికి అధ్యక్షుడుగానూ ఉన్నాడు. అనాఫిలాక్సిస్ ద్వారా ప్రతి వ్యక్తి రసాయనికంగా విశిష్టుడని చాటిన శాస్త్రజ్ఞుడు మనుషులను జాతులుగా తూచడం విచారకరం.

రిషే 1935లో పారిస్‌లో మరణించాడు. అదే పేరు గల కుమారుడు కూడా వైద్య ఆచార్యుడై, 1943లో నాజీలకు పట్టుబడి బుకెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరానికి తరలించబడ్డాడు, ప్రాణాలతో తిరిగివచ్చాడు. పారిస్ సమీపాన విలియె-ల-బెల్‌లో రిషే పేరు పెట్టిన ఆసుపత్రికి 2015లో ఆ పేరు తొలగించి, ఆష్‌విట్జ్ శిబిరంలో బందీలపై ప్రయోగాలు చేయడానికి నిరాకరించిన వైద్యురాలు అదెలాయిద్ ఓత్వాల్ పేరు పెట్టారు.