షల్, విల్ నేర్పిన లెక్కల మాస్టారు

సాయంత్రం స్టడీ అవర్‌లో చిన్న తరగతుల తమ్ముళ్లకు ఇంగ్లీషు చెబుతుంటే మాకు తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న ఒకటి ఉంది. 'ఐ' పక్కన షల్ రాయాలా, విల్ రాయాలా? మేమూ పదో తరగతిలో దీనికి మార్కులు పోగొట్టుకున్నవాళ్లమే. తెలుగులో ఈ బాధ లేదు. రోజూ వస్తాను అన్నా, రేపు వస్తాను అన్నా క్రియ ఒకటే. ఈ నియమాన్ని వ్యాకరణంలో స్పష్టంగా రాసిన తొలివారిలో ఒకరు లెక్కల ప్రొఫెసర్ అంటే మొదట మేము నమ్మలేదు. ఆయన పేరు జాన్ వాలిస్. అనంతానికి గుర్తుగా పడుకున్న ఎనిమిదిని 1655లో లెక్కల్లోకి తెచ్చింది కూడా ఆయనే.

వాలిస్ 1616లో ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో, యాష్‌ఫర్డ్‌లో జన్మించారు. తండ్రి చర్చి పాస్టరు. 1622లో తండ్రి చనిపోయారు. బడిలో లాటిన్, గ్రీకు, హీబ్రూ నేర్చుకున్నారు గానీ పదిహేనేళ్లు వచ్చినా కూడికలు, తీసివేతలు పద్ధతిగా రావు. ఆ రోజుల్లో లెక్కలంటే వర్తకులకు, నావికులకు, వడ్రంగులకు పనికొచ్చే విద్యేగానీ పండితుల చదువు కాదు. 1631 క్రిస్మస్ సెలవులకు ఇంటికి వస్తే, వ్యాపారంలో చేరబోతున్న సొంత తమ్ముడు లెక్కలు నేర్చుకుంటున్నాడు. సిగ్గుపడకుండా ఆ తమ్ముడి దగ్గరే కూర్చుని పది పదిహేను రోజుల్లో అంతా నేర్చేసుకున్నారు. ఆయన జీవితంలో మాకు అన్నిటికంటే నచ్చిన ఘట్టం ఇదే.

తరువాత కేంబ్రిడ్జిలో చదివారు. అంతర్యుద్ధ కాలంలో పార్లమెంటు పక్షాన రాజు మనుషుల రహస్య లేఖలను విప్పి చదివిపెట్టారు. 1649లో ఆక్స్‌ఫర్డ్‌లో రేఖాగణితం ప్రొఫెసర్ అయి, చనిపోయేదాకా 54 ఏళ్లు అదే కుర్చీలో ఉన్నారు.

1653లో ఆయన ఇంగ్లీషు వ్యాకరణం ప్రచురించారు. రాసింది లాటిన్‌లో, ఇంగ్లీషు నేర్చుకోవాలనుకునే విదేశీయుల కోసం. అంటే మనలాంటి వారి కోసమే అనుకోవచ్చు! అప్పటివరకు పండితులు ఇంగ్లీషును లాటిన్ అచ్చులో పోసి చూసేవారు. లాటిన్‌లో భవిష్యత్తుకు క్రియ రూపమే మారుతుంది. ఇంగ్లీషు క్రియకు స్వయంగా ఉన్నవి రెండు కాలాలేనని, భవిష్యత్తుకు సహాయక్రియ కావాలని వాలిస్ తేల్చారు. 'ఐ', 'వుయ్' పక్కన షల్ వస్తే జరగబోయేది ఊరికే చెప్పడం, విల్ వస్తే మాట ఇవ్వడం లేదా బెదిరించడం. 'యు', 'హి' దగ్గర ఇది తిరగబడుతుంది. ఈ తేడా మీద ఇంగ్లీషువాళ్లు ఒక కథ చెప్పుకుంటారు. నీళ్లలో పడ్డ విదేశీయుడు షల్ అనాల్సిన చోట విల్, విల్ అనాల్సిన చోట షల్ అని అరిచాడట. మునిగిపోవాలని పంతం పట్టాడేమో, కాపాడవద్దంటున్నాడేమో అని గట్టుమీది వాళ్లు కదలలేదట.

పరాయివాళ్లకు సాయంగా రాసిన ఈ నియమాన్ని తరువాతి వ్యాకరణకర్తలు బెత్తంలా మార్చారు. మన దేశంలో రెన్ అండ్ మార్టిన్ దాకా అది నడిచి వచ్చింది. ఇంగ్లీషువాళ్లే దాన్ని పాటించడం లేదని 1925లో చార్లెస్ ఫ్రీస్ అనే అమెరికా పండితుడు నాటకాలలోని సంభాషణలు లెక్కపెట్టి చూపించారు. అప్పటికీ మన మార్కులు పోతూనే ఉన్నాయి.

వాలిస్ పుస్తకంతో ఆగలేదు. నోటిలో ఏ ధ్వని ఎక్కడ పుడుతుందో ఆ వ్యాకరణంలోనే వివరించారు. ఆ జ్ఞానంతోనే డేనియల్ వేలీ అనే చెవిటి యువకుడికి మాట నేర్పి, 1662లో రాయల్ సొసైటీ ముందు మాట్లాడించారు. మరో చెవిటి విద్యార్థి పోపమ్ విషయంలో మాత్రం, అంతకు ముందే నేర్పిన విలియం హోల్డర్‌కు దక్కాల్సిన పేరు ఇవ్వలేదని పెద్ద తగవు జరిగింది. అది ఆయనకు వన్నె తెచ్చే సంగతి కాదు.

1703 అక్టోబరు 28న వాలిస్ ఆక్స్‌ఫర్డ్‌లో కన్నుమూశారు. ఆ వ్యాకరణం 1765లో కూడా మళ్లీ అచ్చయింది. ఇప్పుడు స్టడీ అవర్‌లో తమ్ముళ్లు అడిగితే మేము ముందు నీళ్లలో పడ్డవాడి కథ చెబుతున్నాం. నియమం ఆ తరువాతే.